అరవై వేలు కట్టకండి చెల్లెమ్మా

ప్రశ్న: అక్కా, మాది రాజమండ్రి. ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. కాలేజీ స్నేహితులం 14 మందిమి కలిసి మూడేళ్లుగా చిన్న చిన్న సేవా పనులు చేస్తున్నాం. రక్తం కావాలన్నవాళ్లకి దాతల్ని వెతికిపెడతాం, ఆదివారాలు ఘాట్ శుభ్రం చేస్తాం, వరదలొస్తే గోదావరి మధ్యనున్న లంకలకి తిండి పట్టుకెళ్తాం. డబ్బులు మేమే వేసుకుంటాం, చాలకపోతే తెలిసినవాళ్లని అడుగుతాం. అవన్నీ నా ఫోన్‌పేకే వస్తాయి. మా ఊళ్లో మాలాంటి గ్రూపులు చాలా ఉన్నాయి గానీ ఎవరేం చేస్తున్నారో ఎవరికీ తెలీదు. ఎక్కడైనా ట్రైనింగ్ ఉందన్నా, ఏ కంపెనీయో సాయం చేస్తోందన్నా గడువు అయిపోయాకే మాకు తెలుస్తోంది. ఈమధ్య ఒకాయన కలిశారు. సొసైటీ రిజిస్ట్రేషన్, 12ఏ, 80జి, దర్పణ్, సీఎస్ఆర్ నంబరు అన్నీ కలిపి 60 వేలకి చేయించి పెడతానన్నారు. ఆర్నెల్లలో కంపెనీల ఫండ్స్ గ్యారంటీ అట, వచ్చినదాంట్లో పది శాతం మాత్రం ఆయనకివ్వాలట. మావాళ్లలో సగం మంది కట్టేద్దామంటున్నారు. విదేశాల్లో ఉన్న చుట్టాలు కూడా డబ్బు పంపుతామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
ఒక చెల్లి, రాజమహేంద్రవరం

సమాధానం: చెల్లెమ్మా, కట్టకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మీకు ఈ రాత్రి నిద్ర పడుతుంది. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఆయన మూటగట్టి అమ్ముతున్నవాటిని ఒక్కొక్కటిగా విప్పి చూడండి. సొసైటీ రిజిస్ట్రేషన్ అనేది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జరుగుతుంది. 18 ఏళ్లు నిండిన ఏడుగురు ఉంటే చాలు, మీరు అంతకి రెట్టింపు ఉన్నారు. సంఘం ఎందుకు పెడుతున్నారో చెప్పే మెమొరాండం, ఎలా నడుపుతారో చెప్పే బైలా, సభ్యుల గుర్తింపు కాపీలు, ఆఫీసు చిరునామాకి ఆధారం పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి. ప్రభుత్వానికి కట్టేది కొద్ది మొత్తమే. దర్పణ్ అంటే స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ నడిపే పోర్టల్. అందులో పేరు నమోదు చేసుకోవడం ఉచితం. 12ఏ, 80జి అని అందరూ పిలిచేవి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే నమోదులు. మొదటిది సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం, రెండోది మీకు విరాళమిచ్చినవాళ్లకి పన్నులో తగ్గింపు కోసం. వాటికి శాఖకి కట్టే ఫీజంటూ లేదు, దరఖాస్తు నింపే ఆడిటర్‌కి ఇచ్చుకునేదే ఖర్చు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి అక్కణ్నుంచి సెక్షన్ల నంబర్లు, ఫారాల పేర్లు వేరు. ఈ ఒక్క విషయానికి మాత్రం తెలిసిన ఆడిటర్ దగ్గరే కూర్చోండి.

ఇక సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టం ప్రకారం నెట్ వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. మన వైపు ఓఎన్‌జీసీ ఉంది, గెయిల్ ఉంది, పేపర్ మిల్లు ఉంది, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. అంటే డబ్బు ఉన్నమాట నిజం. కానీ ఆ డబ్బు తీసుకుని పనిచేసే బయటి సంస్థకి 12ఏ, 80జి రెండూ ఉండాలి, సీఎస్ఆర్-1 అనే ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి (దానికీ ఫీజు లేదు), అన్నిటికంటే ముఖ్యంగా అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. నిన్న పుట్టిన సొసైటీకి ఆర్నెల్లలో ఆ అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది? ఆయన్ని ఇదొక్కటే అడగండి. ఇంకోటి కూడా అడగండి. ఆ పది శాతాన్ని మీ సంఘం లెక్కల్లో ఏమని రాయాలో, ఏ ఖాతా నుంచి ఇవ్వాలో ఆయన్నే ఒక కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు.

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. మీరు 60 వేల గురించి అడిగారు గానీ, అసలు బాధ అంతకు ముందు మాటల్లోనే ఉంది. ఎవరేం చేస్తున్నారో ఎవరికీ తెలీదు అన్నారే, అది. మన ఊళ్లలో సేవ చేసే చేతులకి కొదవ లేదు. రోటరీ, లయన్స్, వాసవీ క్లబ్బులున్నాయి, వాకర్స్ సంఘాలున్నాయి, పెన్షనర్లున్నారు, గుళ్లు, చర్చిలు, మసీదుల కమిటీలున్నాయి, హీరోల అభిమాన సంఘాలున్నాయి. కరువల్లా కబురుకే. ఆ కరువు ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

2022 జూలైలో గోదావరి ఎలా వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్లు కూడా మళ్లీ అంతటిదీ అని భయపడ్డారు. ఆ రోజుల్లో నేను కోనసీమ వైపు ఒక ఏటిగట్టు మీద రెండు రోజులున్నాను. కారు వెళ్లగలిగేది అక్కడిదాకానే. అక్కణ్నుంచి లంకలోకి పడవ మీదే పోవాలి. మొదటిరోజు మధ్యాహ్నానికి నేను లెక్కపెట్టిన బళ్లే పదకొండు. రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి, భీమవరం నుంచి, తలా ఒక బ్యానర్ కట్టుకుని వచ్చాయి. అందరూ అన్నమే తెచ్చారు. అందరికీ దారి దొరికింది ఆ ఒక్క గట్టుకే. ఆ లంక మనుషులు నాలుగు వందలుంటారేమో, పొట్లాలు మాత్రం రెండు వేలకి పైన. పులిహోర కాస్త తట్టుకుంది గానీ, వేడివేడిగా కవర్లలో మూటగట్టిన సాంబారన్నం సాయంత్రానికి ఉబ్బిపోయింది. ముడి విప్పితే పులిసిన వాసన. అది తెల్లవారుజామున లేచి వండిన ఆడవాళ్ల కష్టం. గట్టు వారన గుంట తీసి పూడ్చేశాం.

అప్పుడు ఒడ్డున పడవ తాడు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన నాతో అన్నారు: “అన్నం సరేనండి. గేదెలకి గడ్డెవరూ తేలేదండి. రెండ్రోజుల్నించీ అరుస్తన్నాయండి.” ఇంకో ఐదారు కిలోమీటర్ల దిగువన ఉన్న లంకకి ఆ రోజు ఒక్క పొట్లం కూడా వెళ్లలేదని కూడా ఆయనే చెప్పారు. ఆ లంక పేరు ఆ పదకొండు బళ్లలో వచ్చిన ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు.

ఆ రాత్రి నేను ఒక స్కూలు నోటుబుక్కులో మూడు గళ్లు గీశాను. ఎవరికి ఏం కావాలి, ఎవరి దగ్గర ఏముంది, ఎప్పటిలోగా. మర్నాడు ఆ పుస్తకం పట్టుకుని వచ్చిన ప్రతి బండి దగ్గరికీ వెళ్లాను. అన్నం తెచ్చినవాళ్లని దిగువకి పంపాం. తర్వాత రాబోయేవాళ్లకి ఫోన్ చేసి ఎండుగడ్డి, దాణా, బరకాలు, కొవ్వొత్తులు, దోమతెరలు, ఆడపిల్లలకి ప్యాడ్లు తెమ్మన్నాం. వాళ్లు మనసారా తెచ్చారు. అడిగేవాళ్లు లేక, చెప్పేవాళ్లు లేక అన్నం వండుకొచ్చారు గానీ వాళ్ల దగ్గర డబ్బు లేక కాదు, మనసు లేక కాదు. ఆ మూడు గళ్ల పుస్తకమే మీ ఊరికి కావాలి చెల్లెమ్మా. దానికి రిజిస్ట్రేషన్ నంబరు అక్కర్లేదు. మీ 14 మందిలో ఇద్దరు చాలు.

ఎలాగో చెబుతాను. నెలకొక కాగితం వేయండి. ఏ4 కాగితం, ఒకవైపే. వాట్సాప్‌లో పంపడానికి ఫొటో, గోడకి అంటించడానికి జిరాక్సు. అందులో మూడే రకాల మాటలుండాలి. ఊళ్లో ఏ గ్రూపు ఏ తారీకున ఏం చేస్తోంది, ఎవరికి ఏ సాయం అవసరం, ఏ ట్రైనింగుకి గానీ దరఖాస్తుకి గానీ ఆఖరు తేదీ ఎప్పుడు. ప్రతి మాట పక్కనా ఒక సంస్థ ఫోన్ నంబరు. దండలు, సన్మానాలు, శాలువాలు, గుడ్ మార్నింగులు వద్దు. గడువు దాటిన మాట మర్నెల కాగితంలో కనపడకూడదు. ఒక మనిషే రాయాలి, ఇంకో మనిషి ఫోన్ చేసి నిజమేనా అని అడిగి చూడాలి. మా అనుభవంలో ఈ రెండో మనిషే కాగితానికి ప్రాణం. ఒక్కసారి తప్పు తేదీ వేశామా, తర్వాత ఎవరూ నమ్మరు.

మరి కబురు ఎక్కణ్నుంచి వస్తుంది? అది మీ దగ్గరికి నడిచి రాదు, మీరే వెళ్లి తెచ్చుకోవాలి. పేపర్లతో పాటు వచ్చే జిల్లా పేజీల్లో మూలన చిన్న అక్షరాల్లో వేసే ప్రకటనలు చదివే అలవాటు మనవాళ్లకి పోయింది. అందులోనే ఉంటాయి. నిరాశ్రయుల షెల్టర్లు నడపడానికో, పిల్లల సంరక్షణ పనులకో సంస్థల నుంచి దరఖాస్తులు కోరుతున్నాం అనే నోటీసులు జిల్లా వెబ్‌సైటులో నోటీసుల పేజీలోనూ పెడుతుంటారు. వారానికోసారి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పని మీలో ఒకరి పేరున రాసేయండి. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది కదా, అధికారులందరూ ఒకేచోట దొరికే రోజది. ఫిర్యాదు పట్టుకెళ్లకండి, మీ కాగితం పట్టుకెళ్లండి. మేం ఇలా వేస్తున్నాం, మీ శాఖలో ఏదైనా ఉంటే మాకు చెప్పండి అని అడగండి. చేతిలో ఏదో ఒకటి పెట్టి అడిగినవాళ్లని ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు.

ఒక్క జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక చాలామంది ఇప్పటికీ పాత లెక్కలోనే ఉన్నారు. మీ ఊరు తూర్పు గోదావరి జిల్లా. మీరు తిండి పట్టుకెళ్లే లంకల్లో ఎక్కువ భాగం డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా, దాని కేంద్రం అమలాపురం. వరద సమయంలో రాజమండ్రి కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తే వాళ్లు అమలాపురం నంబరిస్తారు, అక్కడ లైను దొరకదు. రెండు జిల్లాల నంబర్లూ ముందే రాసిపెట్టుకోండి. భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి, ఏలూరు, కాకినాడ కూడా వేరువేరు జిల్లాలే ఇప్పుడు.

ట్రైనింగుల గురించి అడిగారు. మీలాంటివాళ్లకి డబ్బు కంటే ముందు దొరికేవి అవే, వాటికి రిజిస్ట్రేషనూ అడగరు. విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపద మిత్ర అనే శిక్షణ పెట్టింది. పడవలో ఎలా ఎక్కించాలి, మునిగినవాళ్లని ఎలా తియ్యాలి, ప్రథమ చికిత్స ఎలా చెయ్యాలి అన్నీ నేర్పుతారు, కిట్ కూడా ఇస్తారు. మళ్లీ బ్యాచ్ ఎప్పుడో కలెక్టరేట్లో విపత్తుల విభాగాన్ని అడగండి. పాత నెహ్రూ యువ కేంద్రం పనులన్నీ ఇప్పుడు మై భారత్ పేరుతో నడుస్తున్నాయి. 2023 అక్టోబరు 31న మొదలైన వేదిక అది, మీ వయసువాళ్ల కోసమే. జిల్లా యువజన అధికారిని కలవండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారా లీగల్ వాలంటీర్లని తీసుకుంటుంది. మీలో ఎవరికైనా కోర్టు, పోలీసు స్టేషనంటే భయం లేకపోతే వెళ్లమనండి. మా పాత గ్రూపులో ఒకమ్మాయి ఆ శిక్షణ తీసుకుని, భర్త వదిలేసిన ఒకావిడకి మనోవర్తి కేసు వేయించింది. రూపాయి ఫండు లేకుండా మేం చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ గుర్తుండేది అదే. రెడ్‌క్రాస్ వాళ్ల ప్రథమ చికిత్స తరగతులు సరేసరి.

రక్తం విషయంలో మీరు మంచి పని చేస్తున్నారు. దాన్ని ఇంకాస్త పదును పెట్టండి. మీ జాబితాలో పేరు, గ్రూపు ఉంటే సరిపోదు, చివరిసారి ఎప్పుడిచ్చారో తేదీ ఉండాలి. మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు నిండేదాకా మళ్లీ ఇవ్వకూడదు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు. మన ఆడపిల్లల్లో ఎంతోమంది ఈ హిమోగ్లోబిన్ దగ్గరే ఆగిపోతారు. వాళ్లని వెనక్కి పంపేటప్పుడు సిగ్గుపడేలా చేయకుండా, ఐరన్ మాత్రల సంగతి చెప్పి పంపండి. శిబిరం మీరు సొంతంగా పెట్టకూడదు, లైసెన్సున్న బ్లడ్ సెంటర్ వాళ్లే వచ్చి తీసుకోవాలి. నా మనవి ఒక్కటే. నాయకుల పుట్టినరోజులకి ఊరంతా ఒకేరోజు శిబిరాలు పెడుతుంది. ఆ రక్తం నిలవుండే రోజులు తక్కువ, ఎర్రకణాలైతే 42 రోజులే. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకి సెలవులిస్తే దాతలు దొరకరు. ప్రభుత్వాసుపత్రి ఇప్పుడు మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి అయింది, ఏజెన్సీ నుంచి, లంకల నుంచి కాన్పు కేసులు వస్తుంటాయి. మీ కాగితంలో ఊళ్లో శిబిరాల తేదీలన్నీ ఒకచోట వేస్తే, ఒకే వారంలో నాలుగు పడినచోట ఎవరో ఒకరు సర్దుకుని మే నెలకి జరుగుతారు. కాగితం చేసే అసలు పని అదే.

అలాగే సంవత్సరం మొత్తాన్నీ ఒకసారి గోదావరి లెక్కలో చూసుకోండి. వేసవి అంటే చలివేంద్రాలు, రక్తం. జూన్‌లో బడులు తెరుస్తారు. బ్యాగులు, పుస్తకాలు ప్రభుత్వమే కిట్లలో ఇస్తోంది కాబట్టి మళ్లీ అవే పంచి ఫొటోలు దిగకండి, బడికి రాని పిల్లలెవరో వెతకండి. జూలై, ఆగస్టు వరద. అక్టోబరు, నవంబరు తుపాన్లు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్టు నిలవలేదు, అది చూసినవాళ్లెవరూ నవంబరుని తేలిగ్గా తీసుకోరు. కార్తికంలో ఘాట్ల మీద దీపాలు, అరటి దొప్పలు, ప్లాస్టిక్ కవర్లు. మీ ఆదివారం ఘాట్ పనికి ఆ నెలలోనే పదిమంది కొత్తవాళ్లు దొరుకుతారు, వాళ్లని వదలకండి. నెలలో మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమం ఉంటుంది. ఆ రోజు నగరపాలక సంస్థ బళ్లు, మనుషులు ఎలాగూ బయటికొస్తారు కాబట్టి మీ ఘాట్ పేరు ముందే ఇచ్చి ఉంచండి. చెత్త ఏరడం మీరు చేయగలరు, ఏరిన చెత్తని ఎత్తుకెళ్లే బండి వాళ్ల దగ్గరుంది.

2027లో పుష్కరాలు. ఇప్పట్నుంచే దాని గురించి మాట్లాడుకోవాలని నా గట్టి అభిప్రాయం. 2015 జూలై 14న మొదటిరోజు పొద్దున్నే పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పోయిన ప్రాణాలు మన ఊరివాళ్లు మరిచిపోలేరు. ఆ పన్నెండు రోజులూ మజ్జిగ పోసినవాళ్లు, ముసలివాళ్లని మోసినవాళ్లు, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెప్పినవాళ్లు ఎంతోమంది. మంచి మనసుతో పాటు, జనం ఒక్కసారి తోసుకొస్తే ఎక్కడ నిలబడాలో, తాడు ఎప్పుడు వదలాలో తెలిసినవాళ్లు కూడా కావాలి. పోలీసులు, నగరపాలక సంస్థ వాలంటీర్లని పిలిచేనాటికి శిక్షణ తీసుకున్న యాభై మంది పేర్లు ఒక జాబితాగా మీ దగ్గరుంటే, మిమ్మల్ని ఏ రిజిస్ట్రేషనూ అడగరు, కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. నాకు మీ ఉత్తరంలో 60 వేల కంటే ఎక్కువ భయం వేసింది మీ ఫోన్‌పే గురించే. మీరు నిజాయతీపరులే, నాకు సందేహం లేదు. కానీ మీ జీతం పడే ఖాతాలోనే విరాళాలూ పడుతుంటే రేపు ఎవరైనా ఒక మాట అంటే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఈ నెలలోనే ఒక మీటింగు పెట్టి తీర్మానం రాయండి. సంఘం పేరు మీద పాన్ తీసుకోండి, ఇద్దరు సంతకాలు పెడితే గానీ డబ్బు కదలని బ్యాంకు ఖాతా తెరవండి. రిజిస్టరు కాని సంఘానికి కూడా తీర్మానం, పాన్ చూపిస్తే ఖాతా తెరవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో దారి ఉంది. కొన్ని బ్రాంచీలు తటపటాయిస్తాయి, ఇంకో బ్రాంచికి వెళ్లండి. నెలకోసారి జమ, ఖర్చు రాసి గ్రూపులో పెట్టండి. పది రూపాయల టీ ఖర్చు కూడా రాయండి.

విదేశాల చుట్టాల మాట కూడా అడిగారు. ఇది మన జిల్లాల్లో ప్రతి ఇంటి సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కువైట్‌లో పనిచేసే మీ పిన్ని గానీ, అమెరికాలో ఉద్యోగం చేస్తూ భారత పాస్‌పోర్టే ఉన్న అన్నయ్య గానీ తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, మన మేనత్త కొడుకే అయినా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. మీకవి లేవు. కాబట్టి డబ్బు తీసుకునే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. మొహమాటపడకండి. అడగలేక తీసుకుని ఆనక ఇబ్బంది పడ్డ మంచివాళ్లని నేను చూశాను.

రిజిస్ట్రేషన్ వద్దే వద్దని నేననడం లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ కాగితమూ లేకుండానే వచ్చినవాళ్లకల్లా వేళ కాని వేళ కూడా అన్నం పెట్టారు. ఇవాళ మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టుకున్నాం. మీ ఊళ్లోనే కందుకూరి వీరేశలింగం గారు తన ఆస్తిని హితకారిణి సమాజానికి రాసిచ్చారు. 1919లో ఆయన పోయినా, ఆయన పేరు మీద బడులు, కాలేజీ ఉన్నాయి. చేతిలో ఉన్నది వండి పెట్టడానికి కాగితం అక్కర్లేదు. మనం పోయాక కూడా నడవాల్సిందీ, ఆస్తో పెద్ద మొత్తమో చేతిలో పడ్డదీ కాగితం మీదికి రావాలి. మీకు ఆ రోజు ఎప్పుడొచ్చిందో మీకే తెలుస్తుంది. బహుశా ఒకటి రెండేళ్లలో వస్తుంది. అప్పుడు మీరే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లండి, మీరే బైలా రాసుకోండి. ఎవరో రాసిన బైలాలో మీకు తెలీని షరతులుంటాయి, ఒక్కోసారి మీకు తెలీని సభ్యుడే ఉంటాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కమిటీ జాబితా దాఖలు చేయాలి. మా సంఘం మొదట్లో నాలుగేళ్లు అది పట్టించుకోలేదు. ఒక ఆసుపత్రి పరికరాలిస్తామని వచ్చి ఆ కాగితాలడిగితే చూపలేకపోయాం. అవి ఇంకో ఊరికి వెళ్లిపోయాయి. ఆ ఏడాదంతా నాకు బాధే.

60 వేలు కట్టేద్దామంటున్న మీ సగం మందిని తప్పుపట్టకండి. వాళ్లు ఏదో ఒకటి పెద్దగా చేయాలని తపనపడుతున్నారు, ఆ తపన మంచిదే. వాళ్లకి ఒక మాట చెప్పండి. ఆ డబ్బులో పదో వంతు పెడితే ఏడాదంతా నెలనెలా కాగితం వేసి, వార్డు సచివాలయాల గోడల మీద, రేవుల దగ్గర, బస్టాండులో, ఆసుపత్రి మెట్ల దగ్గర అంటించవచ్చు. నాలుగు కాగితాలు సరిగ్గా వచ్చాయంటే, అన్ని గ్రూపులూ తమ తేదీలు మీకే పంపుతాయి. అప్పుడు ఏ కంపెనీ మనిషైనా ఈ ఊళ్లో ఎవరు ఏం చేస్తున్నారని అడగడానికి మీ దగ్గరికే వస్తాడు. కంపెనీలు ఏడాది ప్రణాళిక ముందే వేసుకుంటాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీరే ఒకసారి వెళ్లి కాగితాలు ఇచ్చి రండి. ఏమీ అడగకండి, ఇచ్చి రండి.

మొదటి కాగితం మాత్రం వరదలకి ముందే రావాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే గడ్డికీ దాణాకీ ఫోన్లు వెళ్లాలి. రెండోదానికి ఏ లంకకి ఎవరు అన్నది పంచుకోవాలి. మూడోది వచ్చాక మీరు ఒడ్డునే ఉండండి, నీళ్ల మీదికి అధికారులు, పడవల వాళ్లు వెళ్తారు. లైఫ్ జాకెట్ లేకుండా మీ 14 మందిలో ఒక్కరు కూడా పడవెక్కకూడదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన సంగతి మన కళ్లముందే ఉంది. భద్రాచలంలో పెరిగిన నీళ్లు మన దగ్గరికొచ్చేలోగా కొంత వ్యవధి దొరుకుతుంది, మీ ఫోన్లన్నీ ఆ వ్యవధిలోనే అయిపోవాలి.

ఆ ఫోన్లు ఎవరికో కూడా చెబుతాను. నా పుస్తకంలో క్లబ్బుల నంబర్లు, డాక్టర్ల నంబర్లు, వ్యాపారుల నంబర్లు అన్నీ ఉండేవి. 2022 వరద రోజున అన్నిటికంటే అవసరపడింది పడవ. పడవలవాళ్ల నంబరు మాలో ఒక్కరి దగ్గరా లేదు. వచ్చే ఆదివారం ఘాట్ పని అయ్యాక రెండు మూడు రేవులకి వెళ్లి, జాలర్లతో కూర్చుని టీ తాగి, ఎవరి పడవ ఎంతమందిని మోస్తుందో, ఇంజన్ ఉందో లేదో, ఏ లంకకి దారి తెలుసో పక్కనే రాసుకుని, వాళ్ల నంబర్లతో ‘ఎవరి దగ్గర ఏముంది’ అన్న గడిని ముందుగా నింపండి. జూన్ దాటనివ్వకండి.